వరదపాశం నాడు నేను రాసుకున్నది

నా డైరీలలో అబద్ధాలు లేవు. ఉద్యోగం నుంచి దిగిపోయిన తరువాత వాటిని ఏడాది వరుసన పేర్చుకున్నాను. చెదలు పట్టినవాటిని దులిపి ఎండలో పెట్టాను. రోజుకు కొన్ని పేజీల చొప్పున మొదటినుంచీ చదువుకుంటూ వస్తున్నాను. జ్వరాలు, కాన్పులు, బడి తనిఖీలు, తొలకరి ఏ పూట పడిందీ, అన్నీ ఉన్నాయి. అబద్ధం ఒక్కటీ కనబడలేదు. అయినా ఒక పేజీ దగ్గర ఆగిపోయి నాలుగు రోజులుగా ముందుకు పోలేకపోతున్నాను. ఆ పేజీలో రాసినవన్నీ నిజాలే. రాయకుండా వదిలిపెట్టినది ఒకటుంది. నేను దాన్ని రాయలేదు సరే, చెప్పవలసిన చోట చెప్పను కూడా లేదు. అందువల్ల ఒక మంచి మనిషికి ఉద్యోగమూ, ఇల్లూ, తన వాళ్ళలో చోటూ పోయాయి.

అవి మద్రాసు ప్రెసిడెన్సీ రోజులు. మా తాలూకాలు కర్నూలు జిల్లాలో ఉండేవి. మాది గిద్దలూరు వైపు సేద్యపు ఇల్లు. నేను అయ్యవార్ల ట్రైనింగు ముగించి తర్లుపాడుకు దగ్గరలో ఒక పల్లెలో మిషనువారి బడిలో చేరాను. లెక్కలు, తెలుగు నావి. చిన్న తరగతులకు అక్షరాలు దిద్దించేదీ, బైబిలు పాఠం చెప్పేదీ ఉపదేశిగారు. ఆదివారం అదే బడిలో బెంచీలు తిప్పివేసి ఆరాధన నడిపేదీ ఆయనే. మిషనువారు ఆయనకు జీతమిచ్చి, బడి ఆవరణలోనే రెండు గదుల ఇల్లు ఇచ్చారు. అందులో ఆయనా, ఆయన తల్లీ ఉండేవారు. తండ్రి పోయి అప్పటికే చాలా కాలమైంది. ఊరి బయట మాలపల్లెలో పుట్టి, చదువుకుని, అక్కడివాళ్ళకే వాక్యం చెప్పే స్థితికి వచ్చిన మనిషి ఆయన. నాకంటే పదేళ్ళు పెద్ద. నన్ను 'అయ్యవారూ' అనేవారు. ఊళ్ళో కనబడిన ప్రతివాణ్ణీ అన్నా అనో, మామా అనో పిలిచే నేను ఆయన్ను మాత్రం ఏ వరసా పెట్టి పిలవలేదు. దానికి కారణం నాకు తెలుసు, ఆయనకూ తెలుసు.

బడి వదలగానే మేమిద్దరం రోడ్డు పక్కన దర్జీ సాయిబు అరుగు మీద కూర్చునేవాళ్ళం. ఆయన చేతులు కుట్టుపనిలో ఉన్నా నోరు ఖాళీగా ఉండేది కాదు. మత విషయాలు అక్కడే మొదలయ్యాయి. మొదట ప్రళయం కథ. ఉపదేశిగారు నోవహు ఓడ గురించి చెప్పారు. నేను మనువును, చేపను, కొమ్ముకు కట్టిన పడవను చెప్పాను. సాయిబు సూదిలో దారం ఎక్కిస్తూ, తమ నూహ్ నబీకి ఒక కొడుకు మాట వినలేదనీ, కొండెక్కి బతుకుతానని పోయి మునిగిపోయినాడనీ చెప్పాడు.

"మా దాంట్లో కొడుకులు ముగ్గురూ ఎక్కినారు భాయీ, ఒక్కరూ మునగలేదు," అన్నారు ఉపదేశిగారు.

"అట్లయితే మీ దాంట్లో తండ్రికి కష్టం తక్కువ," అన్నాడు సాయిబు. "మా ఆయన ఓడలో కూర్చుని కొడుకు మునిగేది చూసినాడు. దానికేమంటావు?"

ఉపదేశిగారు బైబిలు తెరిచి ఆ అధ్యాయం మళ్ళీ చదువుకున్నారు.

నాకు ఈ మాటలు వృథాగా పోనివ్వబుద్ధి కాలేదు. పొడుగాటి నోటుపుస్తకం ఒకటి తెచ్చి, ఎర్రసిరాతో ప్రతి పేజీకీ నాలుగు గళ్ళు గీశాను. మొదటిది బైబిలు, రెండోది మన పురాణాలు, మూడోది సాయిబుల మాట, నాలుగోది పోలిక. ప్రళయం ఒక పేజీ. బిడ్డను బలి ఇవ్వబోయిన తండ్రి ఒక పేజీ. ఆ పేజీ దగ్గర వాళ్ళిద్దరికీ పెద్ద తగాదా వచ్చింది. ఆ బిడ్డ చిన్నకొడుకని ఉపదేశిగారు, పెద్దకొడుకని సాయిబు.

"ఎవరైతే ఏంది, కథ ఒకటే గదా," అన్నాను నేను, నాలుగో గడిలో రాసుకుంటూ.

"కథ ఒకటే అయితే మేమెందుకు కొట్లాడతాం అయ్యవారూ?" అని సాయిబు నవ్వాడు.

ఉపదేశిగారు నవ్వలేదు. "మీరు ఒకటే అనొచ్చు. మిమ్మల్ని అడిగేవాళ్ళు లేరు. ఆ మాట నేనంటే నా కూడు పోతాది," అన్నారు.

ఆ మాట నాకు అప్పుడు చమత్కారంగా తోచింది. ఎక్కడా రాసుకోలేదు.

ఆ ఏడు వానలు లేవు. జొన్నలు మొలకెత్తి మొలకెత్తకుండానే మాడిపోయాయి. ఆముదాలు కూడా నిలబడలేదు. బావుల్లో బురద తేలింది. మొదట ఊరి ఆడవాళ్ళు రోకలికి కప్పను కట్టి ఇల్లిల్లూ తిరిగి నీళ్ళు పోయించుకున్నారు. సాయిబులు మూడు రోజులు ఊరి బయట బీడులోకి పోయి నమాజు చేశారు. కండువాలు తిరగేసి వేసుకున్నారు, దువా అడిగేటప్పుడు అరచేతులు నేలవైపు తిప్పారు. ఉపదేశిగారు మాలపల్లెవాళ్ళతో ఉపవాస ప్రార్థన పెట్టారు. కరువు కాలంలో ప్రవక్త ఏలీయా కొండెక్కి, నేలమీద వంగి, మోకాళ్ళ మధ్య ముఖం పెట్టుకుని ప్రార్థించగా, సముద్రం మీద అరచేయంత మబ్బు లేచిన కథ చెప్పారు. నేను అన్నిటికీ వెళ్ళాను. అన్నీ గళ్ళలో నింపాను. నిజం చెప్పాలంటే ఆ కరువులో నాకు చేతినిండా పని దొరికినట్టుగా ఉండేది.

ఏం చేసినా వాన రాకపోయేసరికి ఊరి పెద్దలు వరదపాశం చేయాలన్నారు. తెలియనివాళ్ళ కోసం చెబుతాను. ఊరంతా బియ్యం, బెల్లం పోగుచేసి పాయసం వండి, ఊరి బయట పెద్ద బండను కడిగి దానిమీద పోస్తారు. ఆకు ఉండదు, గిన్నె ఉండదు. చేతులు వెనక్కి కట్టుకుని, మోకాళ్ళమీద వంగి, నోటితో ఆ బండమీదిది నాకి తినాలి. అంత దీనంగా అడిగితే పైవాడికి జాలి పుడుతుందని నమ్మకం. మా వైపు నియమం ఇంకొకటి ఉంది. ఇంటికొక నోరు రావాలి. ఏ గడపైనా మిగిలిపోతే పాశం పారదంటారు.

ఆ నియమమే చిక్కు తెచ్చింది. పల్లెలో కిరస్తానం పుచ్చుకున్న ఇళ్ళు రామన్నాయి. విగ్రహానికి పెట్టినది తినకూడదని మిషను కట్టడి. పెద్దరైతు ఒకాయన బడిముందు నిలబడి అందరికీ వినబడేటట్టు అన్నాడు: "మీ దేవుడొచ్చి కలుపుకు పిలుస్తాడేమో కనుక్కోండి. రేపు వానొస్తే మా చేలో మీ కాలు పడనియ్యం."

ఆ సాయంత్రం ఉపదేశిగారు నా గదికి వచ్చారు. ఎప్పుడూ గడప దాటి లోపలికి వచ్చేవారు కాదు. ఆ రోజూ బయటే నిలబడి మాట్లాడారు.

"నేను పోకపోతే మావాళ్ళు పోరు. వాళ్ళు పోకపోతే కూలి పోతాది. మా అమ్మ పోతానంటాది, నేను కూడా రావాలంటాది. పోతే మిషను దొరగారికి ఏం చెప్పేది? మీరు అన్నీ పోల్చి చూసినవారు. మీరు చెప్పండి అయ్యవారూ, పోవచ్చునా?"

నన్ను అంతవరకు ఎవరూ అట్ల అడగలేదు. నేను నోటుపుస్తకం తీసి వానపేజీ చూపించాను. మీ ప్రవక్త వంగినాడు, సాయిబులు వంగినారు, ఊరు వంగుతాది. వంగే తీరు ఒకటే, అడిగేది ఒకటే, అన్నాను.

"ఆయన వంగింది దేని ముందర అనేది గదా అసలు సంగతి?"

"బండమీద విగ్రహమేముంది? పసుపు పూసిన రాయి ఒక పక్కన పెడతారు. దానికి మీరు మొక్కవద్దు. మనసులో మీ ప్రార్థన మీరు చేసుకోండి. ఏలీయా చేసినట్టే వంగండి."

"మీరు ఇది ధైర్యంగా చెప్తాండారా?" అని అడిగారు. ధైర్యంగానే చెప్తున్నానన్నాను.

వరదపాశం నాడు పొద్దున్నే ఎండ కాల్చేస్తోంది. బండ పైభాగంలో రైతులు, దిగువన పల్లెవాళ్ళు. పైన పోసిన పాశం కిందికి జారి వాళ్ళ దగ్గరికి వచ్చింది. ఉపదేశిగారు తల్లిని పట్టుకుని వచ్చారు. పసుపు రాయి వైపు చూడలేదు, మొక్కలేదు. నేను దగ్గరగానే ఉన్నాను, స్పష్టంగా చూశాను. తెల్లచొక్కా చేతులు వెనక్కి కట్టుకుని వంగారు. పెదవులు కదులుతూ ఉన్నాయి. ఆ తరువాత బండకు నోరు ఆనించారు. కాలిందేమో, తల వెనక్కి తీసుకుని మళ్ళీ వంగారు. పైనుంచి ఎవడో "పాస్టరయ్యకు ఇంకొంచెం పొయ్యండ్రా, దొర బంగళాలో ఇంత తీపి దొరకదు," అని అరిచాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాననుకుంటాను.

నేను వంగలేదు. నాది ఆ ఊరు కాదు, ఆ ఊళ్ళో నాకు గడప లేదు. బండ పక్కన గొడుగు వేసుకుని రాసుకుంటూ నిలబడ్డాను.

కొన్నాళ్ళకు వాన పడింది. కప్పవల్లనని ఆడవాళ్ళు, నమాజు వల్లనని సాయిబు, పాశం వల్లనని రైతులు. నేను నాలుగో గడి నింపి ఆ పేజీ ముగించాను. చివరన వివరం కోసం ఒక వాక్యం చేర్చాను: "ఉపదేశిగారును వంగి పాశము భుజించిరి."

చలికాలంలో మిషను దొరగారు మార్కాపురం నుంచి ఊళ్ళ తనిఖీకి వచ్చారు. బడి చూశారు, పిల్లల చేత ఎక్కాలు చెప్పించారు. ఉపదేశిగారు పక్క పల్లెలో జబ్బుమనిషిని చూడటానికి వెళ్ళి ఉన్నారు. దొరగారితో నేనొక్కణ్ణే ఉన్నాను. ఇటువంటి సమయం కోసం ఎన్నో నెలలుగా చూస్తున్నవాణ్ణి, నోటుపుస్తకం తీసి ఆయన చేతిలో పెట్టాను. దీన్ని మిషను పత్రికలో అచ్చు వేయించవచ్చునేమో అని నా ఆశ. ఆయన తెలుగు బాగా చదివేవారు. ప్రళయం పేజీకి తల ఊపారు. బలి పేజీకి 'చాలా శ్రమ చేసినారు' అన్నారు. నాకు ఒళ్ళు తేలిపోయింది. ఆయన వానపేజీకి వచ్చేదాకా నాకు ఆ చివరి వాక్యం గుర్తు రాలేదు. ఇది నేను ఎవరిమీద ప్రమాణం చేయమన్నా చేస్తాను.

దొరగారు వేలు పెట్టి అడిగారు. "మీరు వ్రాసినది సత్యమేనా?"

"సత్యమేనండి."

"మీరు కన్నులారా చూచినారా?"

"చూశానండి."

"అతడు ఎందుకు వెళ్ళినాడు?"

ఈ ప్రశ్నకు జవాబు నాకు తెలిసినంతగా ఈ భూమ్మీద ఇంకొకరికి తెలియదు. నేను పొమ్మన్నాను కాబట్టి వెళ్ళినాడు. మీ ప్రవక్త కథనే చూపించి పొమ్మన్నాను. రాయికి మొక్కలేదు, నేను చూశాను. ఈ మూడు మాటలు చెప్పాలి. నాకు మిషను జీతం మీద బతుకు. పెళ్ళయి ఆరు నెలలైంది. ఒక హిందూ అయ్యవారు మా ఉపదేశిని చెడగొట్టాడని ఆయన అనుకుంటే, సాయంత్రానికి నా పెట్టె బండి మీద ఉంటుంది.

"ఊరివాళ్ళ ఒత్తిడండి," అన్నాను.

అదీ నిజమే. దొరగారు నోటుపుస్తకం మూసి నా చేతికి ఇచ్చారు. ఆ రోజు డైరీలో ఇట్లా ఉంది: "దొరగారు తనిఖీకి విచ్చేసిరి. నోటుపుస్తకము చూచి సంతసించిరి. ఉపదేశిగారి విషయము ప్రస్తావనకు వచ్చెను. ఎండ తీవ్రముగా లేదు."

నేను నాలుగు రోజులుగా ఆగిపోయిన పేజీ ఇదే.

వారంలో కాగితం వచ్చింది. ఉపదేశిగారిని పనిలోంచి తీసేశారు. ఆయననూ తల్లినీ సంఘంలోంచి నిలిపివేశారు. రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ప్రభువు బల్ల దగ్గరికి రాకూడదు. పెద్దల ముందు, సంఘం ముందు, విగ్రహానికి మొక్కి పాపం చేశానని ఒప్పుకుంటే తిరిగి చేర్చుకుంటారు. ఆయన పెద్దల ముందుకు వెళ్ళి, వంగిన మాట నిజం, మొక్కిన మాట అబద్ధం అన్నారట. ఒప్పుకోలేదు. ఇల్లు ఖాళీ చేయడానికి వారం గడువు ఇచ్చారు.

ఉపదేశిగారి వల్ల సాయిబుకు జరిగినదంతా తెలుసు. అరుగు మీద నాకు చాప వేయలేదు.

"అరె అయ్యవారూ, నీ బుక్కులో మూడు మతాలుండాయి. నువ్వు యాడుండావు అందులో? ఏ గడిలో ఉండావు?"

"ఇప్పుడు నేను చెప్పినా దొర వింటాడా భాయీ?"

"వినకపోతే అప్పుడు సూద్దాం. బంగళా ఏమన్నా కాశీలో ఉందా? మార్కాపురమే గదా, పో. అన్న సామాను ఎత్తకముందే పో."

ఉపదేశిగారిని అన్న అన్నాడు సాయిబు. ఎప్పుడూ అట్లనే పిలిచేవాడు.

మరునాడు మార్కాపురం వెళ్ళాను. బంగళా గేటు దాకా పోయాను. దొరగారు భోజనం చేస్తున్నారు, కూర్చోమన్నాడు కాపలావాడు. చింతచెట్టు నీడలో కూర్చున్నాను. చెప్పవలసిన మూడు మాటలూ మనసులో వరుసగా పెట్టుకున్నాను. కూర్చున్న కొద్దీ నాలుగో ఆలోచన ఒకటి వచ్చింది: ఉపదేశిగారు ఎట్లాగూ రేపోమాపో ఒప్పుకుంటారు, తిరిగి చేర్చుకుంటారు, ఇంతలో నేను తొందరపడటం ఎందుకు? కాపలావాడు వచ్చి పిలిచేలోపల లేచి వచ్చేశాను. వట్టి చేతులతో పోకూడదని బడికి పలకలు కొన్నాను. "మార్కాపురము వెళ్ళి పలకలు తెచ్చితిని" అని డైరీలో ఉంది.

ఆయన ఒప్పుకోలేదు. తల్లిని తీసుకుని మార్కాపురం చేరి పలకల గనిలో కూలికి కుదిరారు. మరుసటి ఏడు బడికి పలకల కోసం పోయినప్పుడు చూశాను. రేకుల చూరు కింద కూర్చుని, ఉలితో రాతిని పొరలు పొరలుగా చీలుస్తున్నారు. కనుబొమల దాకా రాతిపొడి. నన్ను చూసి లేవబోయారు. నేనే కింద కూర్చున్నాను. నా పేరు దొరకు ఎందుకు చెప్పలేదని అడిగాను.

"చెప్తే ఏమొస్తాది అయ్యవారూ? మీకూ పోతాది, నాకూ రాదు."

"నేను చెప్తానిప్పుడు. పోయి చెప్తాను."

ఆయన ఉలి పక్కన పెట్టి నా ముఖంలోకి చూశారు. "ఆ దొర సీమకు పోయినాడు. కొత్తాయన వచ్చినాడు. అయినా చెప్తానంటే చెప్పండి, నేను వద్దనను."

ఆయన వద్దంటారని నేను అనుకున్నాను. అనలేదు. నేను పోనూ లేదు.

ఆయన ఊరు విడిచిన ఏడాదిన్నరకు ఒక ఆదివారం ఉదయం మా బడి ముందు ఎడ్లబండి ఆగింది. ఉపదేశిగారు తల్లిని చేతులమీద దించారు. ఆమె చిక్కి కర్రపుల్లలా ఉంది, చూపు ఇంచుమించు పోయింది. ఇక ఎక్కువ రోజులు లేవని, పోయేలోపల రొట్టె తీసుకోవాలని, పోయాక సమాధులదొడ్డిలో మొగుడి పక్కన పండుకోవాలని ఆమె పట్టు పట్టిందట. సంఘంలో లేనివాళ్ళకు ఆ దొడ్డిలో చోటు లేదు. అందుకని కొడుకు వచ్చాడు.

కొత్త దొరగారు, సంఘపెద్దలు ముందు బెంచీమీద కూర్చున్నారు. నేను వెనక వరసలో కూర్చున్నాను. ఒక పెద్దమనిషి కాగితం అందించారు. ఉపదేశిగారు నిలబడి, పిల్లలకు పాఠం చదివినట్టే తడబడకుండా చదివారు. "నేను విగ్రహమునకు మ్రొక్కితిని. దానికి అర్పించినది తింటిని. నా ఇష్టముతోనే చేసితిని. ఎవరును నన్ను ప్రేరేపించలేదు."

ఆ కాగితంలో తిన్నమాట ఒక్కటే నిజం. తక్కినవి అబద్ధాలని ఆ గదిలో ఇద్దరికే తెలుసనుకున్నాను. అబద్ధం ఆడనందుకు ఏడాదిన్నర రాళ్ళు చీల్చిన మనిషి, తల్లి కోసం నిలబడి అబద్ధం చదువుతున్నాడు. నేను లేస్తే చాలు. లేచి, "మొక్కలేదు, నేను చూశాను, పొమ్మన్నది నేనే," అంటే చాలు. తప్పు ఒప్పుకోవడం గురించి నా నోటుపుస్తకంలో రెండు పేజీలున్నాయి. వాళ్ళ బైబిలులో ఏముందో, సాయిబులు తౌబా ఎట్లా చేస్తారో, మన ప్రాయశ్చిత్తాలలో ఊరందరి ముందు చెప్పుకోవాలని ఎందుకన్నారో, అన్నీ పోల్చి రాశాను. బెంచీ అంచును రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను. చదవడం అయిపోయింది. దొరగారు ఆమేన్ అన్నారు. అందరూ అన్నారు.

ఆమెకు రొట్టెముక్క నీళ్ళలో నాన్చి పెట్టారు. మింగడానికి చాలాసేపు పట్టింది.

ఆరాధన ముగిశాక అందరూ వరండాలోకి వచ్చారు. నేను పక్కనుంచి తప్పుకుని పోబోతుంటే, గోడకు ఆనించి కూర్చోబెట్టిన ఆ తల్లి తల తిప్పింది.

"ఎవురది?"

"అయ్యవారమ్మా," అన్నారు ఉపదేశిగారు.

"ఇట్ల రా నాయనా." చేయి చాచింది. నేను వంగి చేయి ఇచ్చాను. రెండు చేతులతో పట్టుకుని, వయసు మీద పడ్డవాళ్ళకు ఉండే పెద్ద గొంతుతో అంది: "నువ్వు చల్లంగుండాల. నువ్వు చెప్పబట్టే గదా ఆ పొద్దు నా కొడుకు బండ కాడికొచ్చినాడు. నేను ఎంత మొత్తుకున్నా రానన్నోడు. నువ్వు చెప్పినాకే వచ్చినాడు. వాన పడింది గదా నాయనా!"

రెండడుగుల దూరంలో దొరగారు ఉన్నారు. ఆయనకు ఇంకా మా వైపు మాట పట్టుబడలేదు. ఉపదేశిగారి వైపు తిరిగి, "తల్లి ఏమి చెప్పుచున్నది?" అని అడిగారు.

ఉపదేశిగారు నావైపు చూశారు. కోపంగా చూడలేదు. ఎదురుచూస్తున్నట్టు చూశారు. చెప్పడానికి నాకు చాలినంత సమయం ఇచ్చారు, ఆ మాట నేను ఖాయంగా అనగలను. సంఘపెద్దలలో ఒకాయన చెప్పుల కోసం వెతుక్కుంటున్నాడు. ఆయనకు అవి దొరికేదాకా మేము అట్లాగే నిలబడి ఉన్నాము.

"దీవిస్తాంది అయ్యగారూ," అన్నారు ఉపదేశిగారు. "మా బడి అయ్యవారు ఈయన. దీవిస్తాంది."

దొరగారు సంతోషించి నాకు చేయి అందించారు. నేను ఆ ముసలమ్మ చేతుల్లోంచి నా చేయి తీసుకుని ఆయనకు ఇచ్చాను.